కన్యాశుల్కంలో తప్పెవరిది? అంతా అగ్నిహోత్రావధాన్లు నెత్తిన రుద్దేస్తే సరిపోతుందా?

నాగావళి
నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ఈ సెమిస్టరులో గురజాడ అప్పారావు కన్యాశుల్కం పాఠ్యాంశంగా ఉంది. అక్కాచెల్లెళ్లు బుచ్చమ్మ, సుబ్బిల దుస్థితికి బాధ్యులెవరో, నాటకంలో తరాల మధ్య సంఘర్షణ ఎలా నడిచిందో చర్చిస్తూ వ్యాసం రాయమంటే తరగతి తరగతంతా ఒకే మూసలో రాసుకొచ్చింది. అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు పాత తరం కాబట్టి మూఢులట. గిరీశం, అతని శిష్యుడూ అగ్నిహోత్రావధాన్ల కొడుకూ అయిన వెంకటేశం కొత్త తరమేగాని కాస్త దారి తప్పారట. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు వచ్చి అందరినీ గట్టెక్కించాడట. బజారులో దొరికే గైడులోనూ అక్షరం పొల్లుపోకుండా ఇదే ఉంది.

నాకు ఇది మింగుడు పడటం లేదు. పాత తరానికీ కొత్త తరానికీ మధ్య పోరాటమే అయితే, నాటకంలో నికరంగా నష్టపోయినవాళ్లు ఇద్దరు ఆడపిల్లలు, ఒక తల్లి, మీనాక్షి మాత్రమే ఎందుకయ్యారు? ఈ లెక్కలో వాళ్లు ఏ పక్షం? తప్పును ఎవరి ఖాతాలో ఎంత వేయాలి? నాటకం చదివినవాళ్లు, ఆడినవాళ్లు, తిట్టుకున్నవాళ్లు అందరూ చెప్పండి. సినిమా మాత్రమే చూసినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

అగ్గిపుల్ల
తాంబూలాలిచ్చేశారు, ఇక మేం తన్నుకు చావాలన్నమాట. నేను సినిమా చూశాను, 1955 నాటిది, పుల్లయ్యగారు తీసినది. ముందే చెప్పేశాను కాబట్టి నన్ను బెంచీ ఎక్కించకండి.

వకీలు_కలం
నాకిందులో సందేహమేమీ లేదు. ముద్దాయి అగ్నిహోత్రావధానులే. పెద్ద కూతురు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టాడు, ఆమె వితంతువై పుట్టింట్లో కూర్చుంది. ఆ ఫలితాన్ని రోజూ కళ్లెదుట చూస్తూనే రెండో కూతురు సుబ్బిని 1800 రూపాయలకు మరో ముసలివాడు లుబ్ధావధాన్లకు ఖాయం చేశాడు. మొదటిసారి ఆచారం అన్నాడనుకుందాం. రెండోసారి అనుభవం ఉండి కూడా చేశాడు. తెలిసి చేసిన తప్పుకూ తెలియక చేసిన తప్పుకూ మా వృత్తిలో శిక్ష ఒకటి కాదు. భార్య నూతిలో దూకితే కూడా నిశ్చయం మార్చుకోని మనిషికి సమాజాన్ని సాకుగా చూపించి మినహాయింపు ఇవ్వడం అన్యాయం.

ఓరుగల్లు_పిల్ల
వకీలుగారూ, శిక్ష వేయండి, నేను అడ్డు రాను. కానీ ఒక్కడికే వేసి దస్త్రం మూసేస్తే ఎలా? ఆ 1800 ఇవ్వడానికి ఒకడు సిద్ధంగా ఉన్నాడు, మధ్యలో తన వాటా తినడానికి రామప్పంతులు సిద్ధంగా ఉన్నాడు, ముహూర్తం పెట్టడానికి సిద్ధాంతి సిద్ధంగా ఉన్నాడు. కొనేవాడు లేనిదే అమ్మకం జరగదు. అవధాన్లు కోపిష్ఠి, నోరు పారేసుకునే మనిషి కాబట్టి మన కంటికి మొదట అతనే ఆనతాడు. రామప్పంతులు మాట తీరు మర్యాదగా ఉంటుంది కాబట్టి నవ్వుకుని వదిలేస్తాం.

పాతకాగితం
ఈ చర్చలోకి కొన్ని అంకెలు రావాలి. 1897లో వచ్చిన మొదటి ముద్రణకు గురజాడ ఆంగ్లంలో పీఠిక రాశారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఆదేశంతో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి అంతకు పదేళ్ల ముందు తయారైందని ఆయన అందులో చెప్పారు. మూడేళ్లలో లెక్కకు వచ్చినవి 1034 పెళ్లిళ్లు, అంటే ఏడాదికి సగటున 344. వాటిలో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఏడాది పిల్లకు పెళ్లి చేశారంటే ఆ పిల్ల తన పెళ్లికి తల్లి చంకలో వెళ్లిందని అర్థం.

ఇన్ని ఇళ్లలో జరిగిన పనికి ఒక్క కృష్ణరాయపురం అగ్రహారీకుడిని బాధ్యుడిని చేయడం నాకు సబబుగా తోచదు. ఈ 1034 మంది తండ్రులూ రాక్షసులే అయి ఉంటారా? అవధాన్లును రాక్షసుడిగా కాక, ఇంట్లో అందరిమీదా అరుస్తూ, కోర్టు వ్యాజ్యాల కోసం డబ్బు వెతుక్కుంటూ తిరిగే మామూలు గృహస్థుగా రాయడంలోనే గురజాడ గొప్పతనం ఉంది. మన వీధిలోనే ఉండే మనిషి చేశాడంటేనే భయం వేస్తుంది.

వకీలు_కలం
పాతకాగితంగారి అంకెలు నా వాదనకే బలం. 1034 నేరాలు జరిగితే 1034 మంది దోషులు ఉన్నట్లు లెక్క, దోషి లేనట్లు కాదు. చట్టం సంగతి కూడా ఒకటి గుర్తు చేస్తాను. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లోనే వచ్చింది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఈ నాటకం విజయనగరంలో మొదట రంగమెక్కింది 1892లో. అంటే బుచ్చమ్మకు మరో దారి ఉందని ఆ తండ్రికి తెలిసే అవకాశం ఉంది. అయితే అదే 1856 శాసనం ప్రకారం, మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తి మీద హక్కు కోల్పోతుంది. దావాలంటే ప్రాణం పెట్టే తండ్రికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

తెరవెనుక
మా ఊళ్లో ఒక ఔత్సాహిక నాటక సమాజం ఉంది. అందులో నేను అగ్నిహోత్రావధాన్ల వేషం వేస్తుంటాను కాబట్టి నా కక్షిదారు తరఫున రెండు మాటలు చెప్పాలి. ఆ పాత్రలోని చిక్కు వేషం కట్టినవాడికే తెలుస్తుంది. అరిచిన ప్రతిసారీ ప్రేక్షకులు నవ్వుతారు. భార్య మీద అరిస్తే నవ్వు, బావమరిది మీద అరిస్తే నవ్వు, కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు తలుచుకుని ఏడిస్తే నవ్వు. ఆ నవ్వుల హోరులోనే అతను కూతురిని అమ్మే మాట అనేస్తాడు, అదీ నవ్వులో కొట్టుకుపోతుంది. వెంకమ్మ నూతిలో పడిందన్న కేక వినిపించేదాకా తాము దేనికి నవ్వుతున్నామో ఎవరికీ పట్టదు. ఆ కేక తరువాత మళ్లీ నవ్వు రావడానికి మా సమాజం వాళ్లు చాలా కష్టపడాలి.

అందుకే తప్పెవరిదని అడిగితే, ముందు వరుసలో కూర్చుని నవ్విన మనకూ కొంత వాటా ఉందంటాను. గురజాడ కావాలనే మనల్ని ఆ ఉచ్చులోకి దించాడని నా నమ్మకం.

డాలస్_అమ్మ
మా అమ్మాయికి పదిహేనేళ్లు. తెలుగు మాట్లాడుతుంది గానీ ఇంత పెద్ద పుస్తకం చదవలేదు, అందుకని వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్లానువాదం (2007) పక్కన పెట్టుకుని ఇద్దరం కలిసి చదువుతున్నాం. తరాల సంఘర్షణ అనగానే దానికి మొదట గుర్తొచ్చింది వెంకటేశమే. "వాడికి అక్క ఏడుస్తోందని తెలుసు, చెల్లిని అమ్మేస్తున్నారని తెలుసు, అయినా వాడికి తన పరీక్ష తప్పిన సంగతి బయటపడకపోతే చాలు" అంది. వెంకటేశం అమాయకుడు, గిరీశం చేతిలో పడి చెడిపోయాడు అని నేను చదువుకున్న రోజుల్లో చెప్పారు. దానికి వాడి అమాయకత్వం అస్సలు కనిపించలేదు.

నాగావళి
డాలస్_అమ్మగారూ, మీ అమ్మాయి మంచి చోట పట్టుకుంది. తల్లి ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటే గురుశిష్యులిద్దరూ వాచకంలో బట్టీ పట్టిన ముక్కలను ఒకరి మీదకొకరు విసురుకునే ఘట్టం తీసుకోండి. ఒకడు "ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్" అంటాడు, ఇంకొకడు దానికి ఏ సంబంధమూ లేని మరో ముక్కతో గంభీరంగా బదులిస్తాడు, వెంకమ్మ కొడుకు దొరైపోయాడని మురిసిపోతుంది. ఇక్కడ పెద్దలూ పిల్లలూ పోట్లాడుకోవడం లేదు. పెద్దలకు తెలియని భాష పిల్లల చేతిలో ఉంది, దానితో పిల్లలు పెద్దలను బులిపిస్తున్నారు, అంతే.

అయితే ఒక్క మాట. కొడుకు చదువుకు ఖర్చవుతోందని తండ్రి ఏడుస్తాడు, తల్లి వెనకేసుకొస్తుంది. ఇంత గొడవా వాడి చుట్టూనే. అదే ఇంట్లో ఉన్న కూతుళ్లను చదివించాలన్న ఊహ ఎవరికీ రాదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ముగ్గురిలో ఒకరికే "కొత్త తరం" అయ్యే అవకాశం దక్కింది. మా విద్యార్థులు రాసిన వ్యాసాలలో నేను వెతికి వెతికి దొరకక విసిగిపోయిన వాక్యం ఇదే.

అగ్గిపుల్ల
మా ఇంట్లోనూ అంతే. నేను కంప్యూటరులో ఏదో టకటకలాడిస్తే మా నాన్నగారు మా వాడు ప్రాజెక్టు చేస్తున్నాడని నలుగురికీ చెప్పేవారు. వెంకటేశానిది నా గోత్రమే. నేరం మోపితే ఇద్దరం కలిసే బోనెక్కుతాం.

చిట్టివలస
అందరూ గిరీశాన్ని చుట్టుముట్టే ముందు ఒక్క మాట చెప్పనివ్వండి. వాడు మోసగాడని ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంట్లో బుచ్చమ్మను ఎదుట కూర్చోబెట్టుకుని, నీ బతుకు ఇలా ఉండనక్కరలేదు అని చెప్పినవాడు ఇంకెవరు? తండ్రి చెప్పలేదు, మేనమామ చెప్పలేదు. ఆ మేనమామ కరటకశాస్త్రి సుబ్బిని కాపాడటానికి ఆకాశాన్నీ భూమినీ ఏకం చేశాడు గానీ బుచ్చమ్మ ముచ్చటే ఎత్తలేదు. ఉద్దేశం ఎలాంటిదైనా ఆ మాట ఆమె చెవిన పడింది గిరీశం నోటి నుంచే. దొంగ ఇచ్చిన దీపమైనా వెలుగు వెలుగే కదా?

ఓరుగల్లు_పిల్ల
చిట్టివలసగారూ, ఆ దీపం పట్టుకున్న చేయి ఎవరిదో కూడా చూడాలి. వితంతువుల ఉద్ధరణ గురించి ఉపన్యాసాలు దంచే ఈ మహానుభావుడు అంతకుముందు చేసిందేమిటి? పూటకూళ్లమ్మా వితంతువే. ఆమె ఇంట తిండి తిని, సామాన్లు తెమ్మని ఇచ్చిన డబ్బు తగలేసి, ఆమె చీపురుకట్ట పట్టుకుని వస్తుంటే వేశ్య మధురవాణి మంచం కిందికి దూరాడు. ఆ మంచం కింద అప్పటికే రామప్పంతులు ఉన్నాడు. దెబ్బలు ఆయనకు పడ్డాయి, గిరీశం జారుకున్నాడు. నా దృష్టిలో నాటకం మొత్తానికీ నమూనా ఆ మంచమే: పెద్దవాడూ చిన్నవాడూ ఒకే చోట దాక్కున్నారు, చురుకైనవాడు తప్పించుకున్నాడు. ఇందులో తరాల మధ్య సంఘర్షణ ఎక్కడ ఉంది చెప్పండి? ఇద్దరి అవసరమూ ఒకటే, ఇద్దరి పిరికితనమూ ఒకటే.

తెరవెనుక
ఆ మంచం గురించి ఇంత గంభీరమైన వ్యాఖ్యానం వింటానని అనుకోలేదు. ఇకమీదట ఆ దృశ్యానికి మంచం మోసేటప్పుడు మావాళ్లకు భక్తి కలుగుతుంది.

పాతకాగితం
బుచ్చమ్మ విషయంలో ఇప్పటిదాకా ఎవరూ అనని సంగతి ఒకటుంది. ఆమె గిరీశంతో వెళ్లడానికి వ్యామోహం ఒక్కటే కారణం కాదు. తాను లేచిపోతే చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న ఆశను గిరీశం ఆమెలో కల్పిస్తాడు. చెల్లెలు తనలా కాకూడదన్న కోరికను ఎరగా వాడి ఆమెను బండి ఎక్కిస్తాడు. ఆమెకు తన సుఖం కోసం ఇల్లు దాటే ధైర్యం లేకపోయింది గానీ చెల్లెలి కోసం దాటగలిగింది. గిరీశం నేరాలన్నిటిలోకీ నీచమైనది నాకు ఇదే. ఆమె మంచితనమే వాడి పనిముట్టు అయింది. చిట్టివలసగారు దీనికేమంటారు?

చిట్టివలస
గిరీశం తరఫు వకాలతు వెనక్కి తీసుకోను గానీ, ఈ ఒక్క అభియోగానికి నా దగ్గర జవాబు లేదు.

మునసబు_మనవడు
మా ముత్తవ్వ కథ చెబుతాను, చర్చకు సంబంధం ఉన్నదే. ఆమెకు ఎనిమిదో ఏట పెళ్లి, పదకొండో ఏట వైధవ్యం. తరువాత జీవితమంతా పుట్టింటి వంటగదిలో గడిచింది. నాకు ఊహ తెలిసేనాటికి ఆమె లేదు, మా నాయనమ్మ చెప్పగా విన్నాను. ఆమె తన తండ్రిని ఏనాడూ నిందించలేదట. ఎవరైనా జాలిపడితే "నాన్న మాత్రం ఏం చేస్తాడు, పెద్దనాన్నలు అలా కుదిర్చారు" అనేదట. పెద్దనాన్నలను అడిగితే వాళ్లు పురోహితుడి పేరు చెప్పి ఉంటారు. నింద అనేది మా ఇంట్లో ఒకరి వాకిట్లోంచి ఇంకొకరి వాకిట్లోకి తోసుకునే చెత్తలా తిరిగింది, ఎవరూ ఎత్తి పారేయలేదు. అందుకే వకీలుగారి మొండితనం నాకు నచ్చింది. ఎక్కడో ఒకచోట ఒక పేరు రాయాలి.

ఇంకో విషయం. కన్యాశుల్కం ఒక్క అగ్రహారాల సంగతే అన్నట్లు మాట్లాడుతున్నాం. ఇతర కులాలలో ఓలి పేరుతో పెళ్లికొడుకు వైపువాళ్లు పిల్ల తండ్రికి సొమ్ము ఇవ్వడం ఉండేది. అయితే అక్కడ చాలా కులాల్లో మారుమనువుకు అడ్డు లేదు. డబ్బు చేతులు మారడం ఒక్కటే విషం కాదు. డబ్బుతోపాటు పసితనపు పెళ్లీ, తిరిగి రాలేని వైధవ్యమూ కలిసినప్పుడే బుచ్చమ్మలు తయారయ్యారు.

డాలస్_అమ్మ
మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది: అప్పుడు పిల్ల తండ్రికి ఇచ్చేవాళ్లు, ఇప్పుడు పిల్ల తండ్రి దగ్గర తీసుకుంటున్నారు, మరి ఏది మారినట్టు? 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిందని చెప్పాను. "వచ్చాక?" అంది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

వకీలు_కలం
వరకట్నం వేరే దారం, దాన్ని ఇక్కడ కలిపితే నాటకం పక్కకు పోతుంది. నాకు మరో అనుమానం ఉంది, దాన్ని ఎవరైనా తీర్చండి. కరటకశాస్త్రి పన్నాగాన్ని అందరం మెచ్చుకుంటున్నాం. శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తక్కువ శుల్కం ఆశ చూపి లుబ్ధావధాన్లకు అంటగట్టాడు. పెళ్లయ్యాక శిష్యుడు మాయమయ్యాడు. దాని ఫలితంగా పెళ్లికూతురిని చంపాడని ఆ ముసలివాడి మీద హత్య నేరం పడింది. చేయని హత్యకు ఒక మనిషి కటకటాల దాకా వెళ్లడానికి కారణమైనవాడిని మంచి పక్షంలో ఎలా నిలబెడతాం? సుబ్బిని కాపాడటానికి ఇంకొకరిని ముంచడం న్యాయమేనా?

ఓరుగల్లు_పిల్ల
పదేళ్ల పిల్లను కొనబోయినవాడి మీద జాలి పడమంటారా?

వకీలు_కలం
జాలి పడమనడం లేదు. చేసిన నేరానికి శిక్ష పడాలంటున్నాను, చేయని నేరానికి కాదు. పైగా అక్కడ పోలీసులూ, దొంగ సాక్ష్యాలూ, లంచాలూ ఎలా విజృంభించాయో చూశాం కదా. శాస్త్రి చేసిన కొంటెపని చివరికి వాళ్లకు పండగైంది.

చిట్టివలస
లుబ్ధావధాన్ల మీద జాలి పడకపోయినా, ఆయన ఇంట్లో ఉన్న మీనాక్షి మీదైనా పడాలి. ఇన్ని జవాబులు దాటినా నాగావళిగారి మొదటి ప్రశ్నలో తప్ప ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె వితంతువైన కూతురు. సొంత కూతురు అలా ఇంట్లో కూర్చుని ఉండగా, ఆమెకంటే ఎంతో చిన్నదైన పిల్లను తండ్రి పెళ్లాంగా తెచ్చుకోబోయాడు. ఆమెకు కాని పెళ్లి ఆయనకు అయింది. రామప్పంతులు ఆమెను ఇన్నాళ్లూ వాడుకున్నాడు, పెళ్లి చేసుకోమని నిలదీస్తే మాట ఇచ్చి జారుకున్నాడు. ఆమె కోసం కరటకశాస్త్రి లేడు, మధురవాణి కూడా ఎత్తు వేయలేదు. బుచ్చమ్మ మంచిది కాబట్టి మనకు ఆమె మీద కన్నీళ్లు వస్తాయి. మీనాక్షి అందరి కళ్లకూ "చెడిపోయింది" కాబట్టి పక్కకు తప్పుకుంటాం. ఇద్దరినీ అక్కడికి తెచ్చిన దారి మాత్రం ఒకటే.

తెరవెనుక
మీనాక్షి పేరు తీశారు కాబట్టి చెబుతున్నాను. ఏడు అంకాలనూ ఉన్నదున్నట్లు ఆడితే ఒక రాత్రి చాలదు, అందుకని ప్రతి సమాజమూ తనకు తోచినట్లు కత్తిరిస్తుంది. చాలామంది మొదట కత్తెర వేసేది మీనాక్షికే. మేమూ అంతే చేసేవాళ్లం. ఒక ఏడాది మా దర్శకుడు పట్టుబట్టి ఆ పెళ్లి మాట ఘట్టాన్ని ఉంచాడు. రామప్పంతులు వేషగాడు అలవాటు ప్రకారం నవ్వించాడు, హాలంతా ఈలలు. మీనాక్షి వేషం వేసిన అమ్మాయి తెర పడ్డాక లోపలికి వచ్చి, నగలు తీసి బల్ల మీద పెడుతూ, "నేను బతిమాలుతుంటే నవ్వారు, అంటే నేను బాగా చేయలేదా, మరీ బాగా చేశానా?" అని అడిగింది. మాలో ఎవరమూ జవాబు చెప్పలేదు. మరుసటి ప్రదర్శనకు రామప్పంతులు వేషగాడు తనంతట తానే చేష్టలు తగ్గించుకున్నాడు, ఆ చోట ఈలలు ఆగిపోయాయి.

ఓరుగల్లు_పిల్ల
ఇక నేను అందరికీ కోపం తెప్పించే మాట అంటాను. సౌజన్యారావు పంతులు కూడా నాకు పూర్తి నిర్దోషిగా కనిపించడు. ఆయన మంచివాడే, ఫీజు లేకుండా వాదించే వకీలే. కానీ వేశ్య ముఖం చూడనని భీష్మించుకున్నాడు. నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి వేశ్య కావడంతో ఆమె మగవేషం వేసుకుని ఆయన గడప తొక్కాల్సి వచ్చింది. అప్పట్లో మద్రాసు రాజధానిలో నడిచిన వేశ్యా వ్యతిరేక ఉద్యమం ఊపు ఆయనలో ఉంది, ఎదుట ఉన్న మనిషి మీద ఆ దయ లేదు. చివరికి బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపాలని నిశ్చయించేదీ ఆయనే. తండ్రి ఒక చోటికి పంపాడు, గిరీశం ఒక చోటికి తీసుకెళ్లాడు, సంస్కర్త మరో చోటికి పంపాడు. నువ్వు ఎక్కడ ఉంటావమ్మా అని ఆ పిల్లను అడిగిన దాఖలా ఉందా?

పాతకాగితం
మీ మాట సగమే ఒప్పుకుంటాను. ముగ్గురినీ ఒకే గాట కట్టడం అన్యాయం. పూనాలో పండిత రమాబాయి శారదా సదనం 1890 నుంచి ఉంది, కర్వే వితంతు శరణాలయం 1896లో మొదలైంది. అక్కడ ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. "నువ్వు ఎక్కడ ఉంటావు" అన్న ప్రశ్నకు తనకు తానుగా జవాబు చెప్పుకోగలిగే శక్తి రావాలంటే ఆ రోజుల్లో ఒక వితంతువుకు అంతకన్నా మంచి చోటు ఎక్కడ ఉంది? తండ్రి ఆమెను అమ్మాడు, గిరీశం ఎత్తుకుపోయాడు, ఈయన బడికి పంపాడు. వెంకటేశానికి దక్కిందే ఆలస్యంగా ఆమెకూ దక్కింది. అడగలేదన్న మీ అభ్యంతరం మాత్రం అలాగే నిలుస్తుంది, దాన్ని నేను కొట్టివేయలేను.

నాగావళి
సౌజన్యారావు, మధురవాణి మాట్లాడుకునే ఆ చివరి ఘట్టంలోనే తరాల సంగతి ఒకటి దాగి ఉంది. ఆమె రహస్యం చెప్పడానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. ఆయన నియమం పక్కన పెట్టి ఒప్పుకునేసరికి తానే వద్దంటుంది. చెడనివాళ్లను చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందని కారణం చెబుతుంది.

నాటకంలో పెద్దలు పిల్లలకు ఏమిచ్చారో చూడండి. అవధాన్లు బుచ్చమ్మకు వైధవ్యం ఇచ్చాడు. లుబ్ధావధానులు మీనాక్షికి ఒక పిసినారి ఇల్లు ఇచ్చాడు. గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చడం, అబద్ధమాడటం నేర్పాడు. పిల్ల మనసులో చివరిదాకా నిలిచిన మంచి మాట ఒక్కటి చెప్పిన పెద్దమనిషి మాత్రం రంగం మీదికి రాని ఒక వేశ్య. 1897 నాటి మధురవాణికీ గురజాడ తిరిగి రాసిన 1909 ముద్రణలోని మధురవాణికీ ఎంత తేడా ఉందో అందరికీ తెలిసిందే. ఆ పాత్రను అంతగా పెంచిన గురజాడ ఈ తల్లి మాటను అక్కడ ఊరకే పెట్టి ఉండడు. అందుకే "పాత తరం చెడ్డది" అన్న సూత్రానికి ఇక్కడ కాలు విరిగింది.

అగ్గిపుల్ల
ఇది సినిమా చూసినప్పుడు నాకు తట్టలేదు. అప్పుడు సావిత్రిగారిని చూస్తూ ఉండిపోయాను. పుస్తకం కొంటాను, ఒట్టు.

మునసబు_మనవడు
వెంకమ్మ సంగతి వదిలేశారు. పెద్ద కూతురి పెళ్లినాడు ఈ తల్లి నూతి వైపు ఎందుకు వెళ్లలేదు? అప్పుడు ఆమె ఏమి చేసిందో నాటకం చెప్పదు. సుబ్బి దగ్గరకు వచ్చేసరికి ఆమెకు బుచ్చమ్మ కళ్లెదుట ఉంది, అందుకే తెగించింది. మా ఇళ్లలోనూ మొదటి పిల్ల విషయంలో నోరు మూసుకుని రెండో పిల్ల దగ్గర కొంగు బిగించిన తల్లులను చూశాను. ఆమెను నిందించడానికి నాకు మనసు రాదు గానీ, లెక్కలోంచి పూర్తిగా తీసేయడమూ కుదరదు.

ఓరుగల్లు_పిల్ల
నూతిలో దూకడం తప్ప మొగుడి చేత మాట వినిపించుకునే మార్గం లేని మనిషికి వాటా ఎంత వేస్తారు? ఆమె చేతిలో ఉన్నది ఆమె ప్రాణమొక్కటే, దాన్నే పందెం పెట్టింది. అదీ ఆ ఇంటి యజమాని దగ్గర చెల్లలేదు.

డాలస్_అమ్మ
నిన్న రాత్రి పుస్తకం పూర్తయింది. "సుబ్బి సంగతి?" అని వెనక్కి తిప్పుతూ వెతికింది మా అమ్మాయి. ఇంత కథా ఆ పిల్ల చుట్టూ నడిచింది కదా, చివరికి ఎవరికిచ్చి చేశారు, చదువుకుందా అని దాని గోల.

వకీలు_కలం
తెర గిరీశం మీద దిగుతుంది, సుబ్బి మీద కాదు. "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" అన్న మాటతో మనందరం చప్పట్లు కొట్టి లేచిపోతాం. ఆ పిల్ల మాత్రం అదే తండ్రి ఇంట్లో ఉంది, ఆయన చేతిలో ఇంకా అదే అధికారం ఉంది. 1891 శాసనం సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచింది గానీ పెళ్లిని ఆపలేదు. ఆడపిల్ల పెళ్లికి పద్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం రావడానికి 1929 దాకా ఆగాలి. సుబ్బికి అది అందదు. ఈ ఒక్క కారణం చేతనే నేను అవధాన్ల పేరు కొట్టివేయనంటున్నాను: మిగతా అందరి తప్పులూ జరిగిపోయినవి, ఆయన తప్పు రేపు మళ్లీ జరగగలదు.

నాగావళి
ఈ చర్చ చూశాక ఆ వ్యాసాలను తిరిగి ఇచ్చేశాను. మూల్యాంకనం చేయకుండా కొత్త ప్రశ్న ఇచ్చాను: సుబ్బి, బుచ్చమ్మ, మీనాక్షి, వెంకమ్మలలో ఒకరిని ఎంచుకుని, ఆమె విషయంలో నిర్ణయం తీసుకున్న ప్రతి మనిషినీ, ఆమెను అడగగలిగి కూడా అడగనివాళ్లనూ అంకాల వారీగా చూపించండి. గైడులో దీనికి జవాబు లేదు, చూశాను. ఇద్దరు విద్యార్థులు అప్పుడే వచ్చి "మగపాత్ర తీసుకోవచ్చా మేడం" అని అడిగారు. మహేశాన్ని తీసుకోమన్నాను, వాడిని కూడా ఎవరో ఒకరు పెళ్లికూతురిని చేశారు కదా.

తెరవెనుక
మహేశం వేషానికి మాకు ఈసారి పన్నెండేళ్ల కుర్రాడు దొరికాడు. మీ విద్యార్థులు విజయనగరం రాగలిగితే డిసెంబరులో ప్రదర్శన ఉంది, మీనాక్షి ఘట్టం ఉంచుతున్నాం. నిడివి మూడు గంటలు దాటుతుందని సభ్యులు గొణుగుతున్నారు. కోత పెట్టాల్సి వస్తే పోలీసుల ఘట్టంలో పెడదామని నా ప్రతిపాదన, వకీలుగారు అభ్యంతరం చెబుతారేమో.

వకీలు_కలం
తప్పకుండా చెబుతాను. ఆ లంచాల ఘట్టంలో ఒక్క మాట తగ్గినా రాను.

అగ్గిపుల్ల
మంచం మాత్రం తీయకండి.